కోర్డోబా పాతియో ఎవరి సొత్తు?

మే నెల మొదటి రెండు వారాలు దక్షిణ స్పెయిన్‌లోని కోర్డోబా నగరంలో యాభై దాకా ఇళ్లు వీధి తలుపులు బార్లా తెరిచి పెడతాయి. ఎవరైనా లోపలికి వెళ్లి చూసి రావచ్చు, టికెట్ ఉండదు. సున్నం కొట్టిన తెల్లటి గోడలు, ఆ గోడలకి కింది నుంచి పైదాకా తగిలించిన పూలకుండీలు, చాలా చోట్ల అవి నీలం రంగువి, వాటిలోంచి కిందికి జారే ఎర్రటి జెరేనియంలు. గులకరాళ్లు పొదిగిన నేల. ఓ మూల బావి, లేదంటే మధ్యలో చిన్న ఫౌంటెన్. ఇంటి నడిమధ్యన ఆకాశానికి తెరిచి ఉన్న ఈ వాకిలినే పాతియో అంటారు. చూడగానే మన మండువా లోగిలి గుర్తుకు రావడం సహజం. పోలిక ఉంది, అసలు విషయంలో తేడా కూడా ఉంది. అక్కడికి తర్వాత వస్తాను.

ఈ ఇళ్ల పుట్టుక గురించి అడిగితే రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. ఇది అరబ్బుల ఇల్లు, వాళ్లు పోయినా వాళ్ల వాకిళ్లు మిగిలాయి అని ఒకటి. కాదు, అంతకుముందే రోమన్లు కట్టారు, అరబ్బులు దాన్ని అందుకున్నారంతే అని రెండోది. రెండూ కొంత నిజమే. కానీ కోర్డోబా పాతియోలో మనం ఫొటో తీసుకునేది ఏదైతే ఉందో, ఆ పూల గోడ, ఈ రెండు కథల్లోనూ లేదు. దాన్ని చేసింది ఒక్కో గది అద్దెకు తీసుకుని, ఒకే బావి నీళ్లు పంచుకుని బతికిన పేద కుటుంబాలు. అదీ గత నూటయాభై ఏళ్లలో.

ముందు పాత కథలు చూద్దాం, కొట్టిపారేసేవి కావవి.

దక్షిణ స్పెయిన్‌లోనే ఉన్న ఇంకో పెద్ద నగరం సెవిల్. దాని పక్కనే ఉన్న ఇటాలికా క్రీ.పూ. 206లో వెలిసిన రోమన్ ఊరు. మేరిదా క్రీ.పూ. 25లో. ఈ రెండు చోట్లా తవ్వకాల్లో బయటపడిన సంపన్నుల ఇళ్లన్నీ నడిమి వాకిలి చుట్టూ కట్టినవే. మేరిదాలో మిత్రేయో ఇల్లు అని పిలిచే ఇంటికైతే వరసగా మూడు వాకిళ్లున్నాయి. పైకప్పు మీద పడ్డ వాన మధ్యలోని తొట్టిలోకి దిగేది. చుట్టూ స్తంభాల వసారా, దాని వెనక గదులు. అయితే రోమన్లని కనిపెట్టినవాళ్లు అనడానికీ లేదు. ఇరాక్‌లోని ఊర్ నగరంలో దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటే వాకిలి చుట్టూ గదులున్న ఇళ్లున్నాయి. ఎండ కాసే, ఇరుకైన ఊళ్లలో మనిషికి తట్టే మొదటి ఆలోచనల్లో ఇదొకటి. దీనికి పేటెంటు వెతకడం దండగ.

711లో ముస్లిం సైన్యాలు స్పెయిన్‌లో దిగాక మారింది నడిమి వాకిలి కాదు, వాకిలికీ వీధికీ మధ్య సంబంధం. మూర్సియా ప్రాంతంలో సియెసా ఊరి పైన కొండ మీద సియాసా అనే ఊరి శిథిలాలున్నాయి. 12, 13 శతాబ్దాలది. అక్కడ తవ్వి తీసిన ఇళ్లు దాదాపు ఇరవై. అది రాజధానీ కాదు, పెద్ద నగరమూ కాదు, అయినా ఇళ్లకి నడిమి వాకిళ్లున్నాయి. వీధి తలుపు తీస్తే వాకిలి కనిపించదు. లోపలి దారి ఒక మలుపు తిరుగుతుంది. వీధిలో పోయేవాడి చూపు గోడకి తగిలి ఆగిపోవాలి. ఇంట్లో ఆడవాళ్లు, వంట, నీళ్లు, మొక్కలు అన్నీ ఆ మలుపు అవతలే. బయటికి కనిపించేది దాదాపు కిటికీలే లేని గోడ. గ్రనడాలో ఆల్‌హంబ్రా కోటలోని పొడవాటి నీటి మడుగు వాకిలి, పన్నెండు పాలరాతి సింహాల వాకిలి, ఇవన్నీ ఆ పద్ధతికే రాజుగారి రూపాలు. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు, నేను ఆగను.

కోర్డోబా 1236లో, సెవిల్ 1248లో క్రైస్తవ రాజుల చేతికి వచ్చాయి. ఇళ్లను కొత్తగా వచ్చినవాళ్లకి పంచారు. కానీ కట్టే మేస్త్రీల్లో చాలామంది ముస్లింలే, కట్టే తీరూ పాతదే. "ఇది అరబ్బులదా, క్రైస్తవులదా" అనే ప్రశ్న ఎక్కడ తడబడుతుందో చూడాలంటే సెవిల్ రాజకోట అల్కాసర్‌కి వెళ్లాలి. క్రైస్తవ రాజు మొదటి పెద్రో 1360లలో అక్కడ ఒక మహల్ కట్టించాడు. గోడల మీద అరబిక్ అక్షరాలు, పనితనమంతా ముస్లిం సంప్రదాయానిదే. దాని నడుమ కన్యల వాకిలి. రెండు వందల ఏళ్ల తర్వాత వచ్చిన రాజులు పైన ఇటలీ తరహా అంతస్తు వేశారు, కింద ఉన్న తోటని 1580లలో పూడ్చి మీద పాలరాయి పరిచేశారు. ఆ రాతి కింద పల్లంలో పండ్ల చెట్లకి వేసిన మడులు ఉన్నాయని 2000ల మొదట్లో తవ్వినప్పుడు గానీ తెలీలేదు. ఇప్పుడు రాయి తీసేసి తోట మళ్లీ వేశారు. ఒకే వాకిలిలో కింద ఒక కాలం, పైన ఇంకో కాలం.

అదే ఊళ్లో పిలాతు ఇల్లు అని ఇంకొక మహల్ ఉంది. దాని యజమాని ఫద్రీకే ఎన్రీకెస్ దె రిబేరా 1518 నుంచి 1520 దాకా జెరూసలేం యాత్ర చేసి, దారిలో ఇటలీ చూసి, మనసు పారేసుకుని వచ్చాడు. జెనోవా నుంచి పాలరాతి స్తంభాలు తెప్పించాడు. గోడలకి మాత్రం సెవిల్ కుమ్మరుల రంగు పలకలే. తర్వాతి తరాలు మూలమూలనా రోమన్ విగ్రహాలు పెట్టాయి. కలగూరగంప అనుకోవచ్చు. కానీ అక్కడ ఏదీ ఎబ్బెట్టుగా అనిపించదు. నన్నడిగితే మొత్తం స్పెయిన్‌లో పాతియో చరిత్రని ఒక్కచోట చూపించమంటే ఆల్‌హంబ్రా కంటే ముందు దీన్నే చూపిస్తాను.

ఈ కాలంలోనే మెల్లగా ఇంకో మార్పు వచ్చింది. తలుపు దగ్గరి మలుపు పోయింది. వీధి తలుపు, దాని వెనక చిన్న నడవ, ఆ నడవ చివర వాకిలి, అన్నీ ఒకే వరసకి వచ్చాయి. కొన్నాళ్లకి నడవ చివర చెక్క తలుపు బదులు ఇనప చువ్వలతో అల్లిన గేటు వచ్చింది. దాన్ని కాన్సేలా అంటారు. చువ్వల మీద పూలతీగలు, ఇంటివాళ్ల పేరు మొదటి అక్షరాలు, కట్టిన సంవత్సరం. పగలు వీధి తలుపు తెరిచి, కాన్సేలా మూసి ఉంచితే గాలి ఆడుతుంది, లోపలి వాకిలి బయటికి కనిపిస్తుంది. దొంగ రాడు, చూసేవాడు చూస్తాడు. అరబ్బుల కాలంలో దాచుకున్న వాకిలి ఇప్పుడు చూపించుకునే వాకిలి అయింది. ఈ ఒక్క మలుపు తీసేయకపోతే మే నెల పూల పండుగకి చోటే లేదు.

ఇక ఎండ సంగతి. కోర్డోబా ఉన్నది గ్వాదాల్కివీర్ నది లోయలో, సముద్రపు గాలికి దూరంగా. స్పెయిన్‌లో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 47.6 డిగ్రీలు. అది 2021 ఆగస్టు 14న, ఈ జిల్లాలోని లా రాంబ్లా ఊళ్లోనే. రామగుండం, రెంటచింతల ఎండలు తెలిసినవాళ్లకి ఈ అంకె కొత్త కాదు. ఇంత వేడిలో ఏసీలు లేని రోజుల్లో ఆ ఇళ్లు ఎలా పనిచేసేవి?

"గాలి ఆడుతుంది కాబట్టి చల్లగా ఉంటుంది" అని సులువుగా చెప్పేస్తుంటారు. మధ్యాహ్నం జరిగేది దాదాపు దీనికి వ్యతిరేకం. రాత్రి నుంచి మొదలుపెడితే అర్థమవుతుంది. మబ్బు లేని ఆకాశం కిందకి తెరిచి ఉన్న పైకప్పులు, నేల, గోడలు రాత్రంతా తమ వేడిని పైకి వదిలేస్తాయి. వాటిని తాకిన గాలి చల్లబడి, బరువెక్కి, వాకిలి అడుక్కి దిగుతుంది. నాలుగు గోడల మధ్య నిలిచిపోతుంది. తెల్లారేలోపు గదుల తలుపులన్నీ తెరిచి ఆ చల్లదనాన్ని లోపలికి రానిస్తారు. ఎండ ముదరకముందే వీధి కిటికీలు మూసేస్తారు, వాకిలి పైన తాళ్ల మీద గుడ్డ పందిరి లాగేస్తారు. అంటే మధ్యాహ్నం పాతియో చేసే పని కొత్త గాలి తేవడం కాదు, రాత్రి దాచుకున్న చల్లగాలిని కదలనివ్వకపోవడం. సాయంత్రం ఎండ తగ్గాక పందిరి వెనక్కి లాగి, నేల తడిపి, మళ్లీ తలుపులు తీస్తారు.

ఇందులో వాకిలి కొలతలదే పెద్ద పాత్ర. వెడల్పు తక్కువై, చుట్టూ గోడల ఎత్తు ఎక్కువైతే అడుగుదాకా ఎండ దిగేది కాసేపే. సెవిల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు థర్మామీటర్లు పెట్టి కొలిచారు. లోతుగా, నీడగా ఉన్న పాతియోల అడుగున వేసవి మధ్యాహ్నం వీధి కంటే పది డిగ్రీల దాకా తక్కువ ఉండటం మామూలు గాలికబురు కాదని తేలింది. వెడల్పుగా, తక్కువ ఎత్తుగా ఉన్న వాకిళ్లలో అంత తేడా రాదు. మందపాటి గోడలు, ఏటేటా వేసే సున్నం, తడి కుండీలు, తీగలు, ఇవన్నీ తలా కొంచెం కలుపుతాయి.

మండువాకీ దీనికీ తేడా ఇక్కడే. మన మండువా వాన కోసం కూడా కట్టింది. నాలుగు వైపుల నుంచీ పెంకుల వాలు లోపలికి దిగి నీళ్లని మధ్యలోకి తెస్తుంది, అక్కడి నుంచి తూము బయటికి పంపిస్తుంది. కోర్డోబాలో జూలై, ఆగస్టు నెలల్లో చినుకు పడటం అరుదు, గాలి ఎముకలా పొడిగా ఉంటుంది. ఆ పొడి గాలిలో నేల మీద చల్లిన నీళ్లు చకచకా ఆవిరై వేడిని పట్టుకుపోతాయి. కోస్తాలో మే నెలలో అదే పని చేస్తే ఉక్కపోత పెరగడం తప్ప ఒరిగేది ఉండదు. అందుకే "కోర్డోబా తరహా కోర్ట్‌యార్డ్" అని విజయవాడలో బంగళా ప్లాన్ గీయించుకునేవాళ్లు ఫౌంటెన్ మీద పెట్టే డబ్బు నీడ మీద పెడితే మేలు.

సెవిల్ కలవారి ఇళ్లలో ఇంకో అలవాటు ఉండేది. ఏటా రెండుసార్లు ఇంట్లోనే మకాం మార్చేవాళ్లు. వేసవికి కింది అంతస్తు, చలికాలానికి ఎండ తగిలే పై అంతస్తు. వంటిల్లు, పడకగదులు రెండు చోట్లా ఉండేవి. అంత ఇల్లు, అంతమంది పనివాళ్లు ఉన్నవాళ్లకి చెల్లిన ఏర్పాటు అది.

లేనివాళ్ల సంగతి వేరు. 19వ శతాబ్దంలో స్పెయిన్‌లో భూముల లెక్కలు తలకిందులయ్యాయి. 1836లో మంత్రి మెందిసాబల్ చర్చి, మఠాల ఆస్తుల్ని ప్రభుత్వపరం చేసి వేలం వేయించాడు. కొన్న కొత్త యజమానులకి పెద్ద పెద్ద కట్టడాలతో అవసరం లేదు, అద్దెలు కావాలి. ఆ తర్వాత పల్లెల్లో పని దొరక్క జనం కోర్డోబా, సెవిల్ బాట పట్టారు. పాత మహళ్లు, పాత మఠాలు, పాత పెద్దిళ్లు వాటాలుగా విడిపోయాయి. ఒక్కో గదికి ఒక్కో కుటుంబం. ఇలాంటి వాటాల ఇళ్లని సెవిల్‌లో కొర్రాల్ అంటారు. సెవిల్‌లోని కొర్రాల్ దెల్ కోందేలో వందకి పైగా కుటుంబాలు ఒకే పెద్ద వాకిలి చుట్టూ కాపురం ఉన్నాయి.

ఆ వాకిట్లో ఏం ఉండేదంటే, ఒక బావి. ఒకటో రెండో బట్టలుతికే తొట్లు. అందరికీ కలిపి వంటకి ఓ మూల, మరుగుదొడ్డి ఒకటి. అద్దెలు వసూలు చేస్తూ, వాకిలి ఊడ్చే వంతులు చూస్తూ, తగువులు తీరుస్తూ ఒకావిడ ఉండేది. తొట్టి దగ్గర వంతు కోసం, బావి తాడు కోసం, ఆరేసిన దుప్పటి కింద ఎవరి కుండీకి నీడ పడిందనే దాని కోసం మాటామాటా పెరిగేది. దీన్ని "అందరూ ఒకే కుటుంబంలా ఉండేవాళ్లు" అని చెప్పేవాళ్లని నేను పూర్తిగా నమ్మను. ఒక మరుగుదొడ్డిని పది కుటుంబాలు వాడుకుంటే అక్కడ ప్రేమతో పాటు టెన్షన్ కూడా ఉంటుంది.

పూలు ఇక్కడే మొదలయ్యాయి. గదిలో ఒక్క కుర్చీ అదనంగా వేయడానికి చోటు లేనివాళ్లకి సొంతంగా ఏదైనా పెంచుకోవాలంటే మిగిలింది గుమ్మం పక్క గోడే. నేల అందరిది, గోడ ఎవరి గది ముందుది వాళ్లది. అందుకే కుండీలు నేల మీద పెరగలేదు, గోడ మీద ఎగబాకాయి. కొనడానికి డబ్బు లేనివాళ్లు ఖాళీ డబ్బాల్లో నాటారు. జెరేనియం కొమ్మ విరిచి మట్టిలో గుచ్చితే బతుకుతుంది, పక్కింటావిడని అడిగితే ఇస్తుంది, పైసా ఖర్చు లేదు. ఇవాళ ఆ పండుగకి ముఖచిత్రమైన పువ్వు ఎంపిక వెనక ఉన్న అసలు కారణం అదే అనుకుంటాను.

ఎత్తున ఉన్న కుండీకి నీళ్లు పోయాలి కదా. దానికి వాళ్ల ఉపాయం పొడుగాటి వెదురులాంటి గడ, దాని కొసకి కట్టిన చిన్న రేకు డబ్బా. బకెట్లో ముంచి, గడని పైకెత్తి, కుండీ అంచుకి డబ్బాని ఆనించి, మణికట్టు చిన్నగా తిప్పితే నీళ్లు మట్టిలో పడతాయి. తిప్పడం ఎక్కువైతే కింద నిలబడ్డవాళ్ల నెత్తిన పడతాయి. వందల కుండీలున్న పాతియోలో వేసవి రోజున ఈ పనికి గంటలు పడుతుంది. ఇప్పటికీ చాలా ఇళ్లలో అదే గడ, అదే డబ్బా. పాత ఊరి ప్వెర్తా దెల్ రిన్‌కోన్ దగ్గర శిల్పి హోసే మన్వేల్ బెల్మోంతే చేసిన కంచు విగ్రహం ఒకటుంది. గడ ఎత్తి గోడ మీది కుండీలకి నీళ్లు పోస్తున్న మామూలు ఆడమనిషి. రాజుల విగ్రహాలకి కొదవలేని దేశంలో అది పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, సరైన మనిషికే పెట్టారు.

పాతియోల పోటీని 1921లో నగరపాలక సంస్థ మొదలుపెట్టింది. మొదట్లో పెద్దగా ఎవరూ రాలేదు. మధ్యలో ఏళ్ల తరబడి ఆగింది, 1936లో అంతర్యుద్ధం వచ్చి పడింది. యుద్ధం తర్వాత 1940లలో మళ్లీ మొదలై నిలదొక్కుకుంది. పాత తరహా ఇళ్లకి ఒక విభాగం, కొత్తగా కట్టినవాటికి, మార్పులు చేసినవాటికి వేరే విభాగం. ఆల్కాసర్ వియేహో పేట, శాంతా మరీనా, సాన్ లోరెన్సో, ఇవీ పేరున్న పేటలు. మర్రోకీయెస్ వీధి 6వ నంబరు ఇల్లు చూస్తే వాటాల కాలం ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. అది ఒక వాకిలి కాదు, సన్నటి సందులు, చిన్న చిన్న గదులు కలిసిన బుల్లి పేట.

2012 డిసెంబరులో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఇక్కడ ఒక మెలిక ఉంది, చాలామంది గమనించరు. కోర్డోబా పాత ఊరు 1994 నుంచే ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. 2012లో గుర్తించింది కట్టడాలని కాదు, పాతియోల పండుగని. అంటే మనుషులు కలిసి చేసే పనిని. గోడలు నిలబెడితే చాలదు, వాటి మధ్య ఉండేవాళ్లు ఉండాలి.

మనుషులు లేకుండా పాతియోని వేరుచేసి చూడటం మాత్రం కొత్తేమీ కాదు, అమ్మకాల్లో జరిగిందే. అల్మెరియా జిల్లాలోని వేలెస్ బ్లాంకో కోటలో 1506 నుంచి 1515 మధ్య చెక్కించిన పాలరాతి వాకిలి ఉండేది. 1904లో వారసులు దాన్ని ఒక ఫ్రెంచ్ వ్యాపారికి అమ్మేశారు. 1913లో జార్జ్ బ్లూమెంథాల్ అనే అమెరికన్ బ్యాంకరు కొని న్యూయార్క్‌లో తన ఇంట్లో పెట్టించుకున్నాడు. ఇప్పుడది మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. నడి ఆకాశం ఉండాల్సిన చోట మ్యూజియం పైకప్పు. సరగోసాలో సపోర్తా అనే వ్యాపారి ఇంటి వాకిలి కూడా 1903లో పారిస్ చేరింది. దాన్ని మాత్రం 1957లో స్థానిక బ్యాంకు కొని వెనక్కి తెచ్చింది.

అట్లాంటిక్ దాటిన పాతియోలు ఇంకోరకంగానూ ఉన్నాయి. అమెరికా ఖండంలో కొత్త ఊళ్లు ఎలా కట్టాలో చెబుతూ స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ 1573లో జారీ చేసిన నిబంధనల్లో, ఇళ్లకి వాకిళ్లు, పశువుల దొడ్లు ఉండాలని రాసి ఉంది. కార్తహేనా, హవానా, ఆంతీగ్వా ఇళ్లలో వాకిలి అలా వచ్చింది. 1925 భూకంపం తర్వాత కాలిఫోర్నియాలోని సాంతా బార్బరా తనను తాను ఇదే తరహాలో మళ్లీ కట్టుకుంది. అమెరికాలో ఉండే తెలుగువాళ్లు అపార్ట్‌మెంట్ ప్రకటనల్లో చూసే "స్పానిష్ స్టైల్" తెల్లగోడ, ఎర్ర పెంకు, అక్కడి నుంచి దిగుమతైందే.

మళ్లీ కోర్డోబాకి వద్దాం. వాటాల ఇళ్లు ఎందుకు ఖాళీ అయ్యాయి? ఒక కారణం అద్దె చట్టాలు. 1964 నాటి చట్టం ప్రకారం పాత అద్దెదారుని కదిలించడానికి లేదు, అద్దె పెద్దగా పెంచడానికీ ఉండేది కాదు. పేదవాడికి అది రక్షణే. యజమానికి మాత్రం ఇల్లు బాగుచేయించాలనే ఆశ చచ్చిపోయింది. కప్పు కారనిచ్చి, గోడ పగలనిచ్చి, ఇల్లు శిథిలమైందని ప్రకటింపజేస్తే అద్దెదారులు ఖాళీ చేయక తప్పేది కాదు. ఇంకో కారణం మనసులది. 1960, 70 దశకాల్లో ఊరి చివర అపార్ట్‌మెంట్లు లేచాయి. కుళాయి ఇంట్లోనే, బాత్రూమ్ ఇంట్లోనే. ఇరవై ఏళ్లు బావి తాడు లాగిన మనిషిని "పాతియో వదిలి పోతావా" అని అడగడానికి ఎవరికి నోరొస్తుంది? సెవిల్‌లో అనేక కొర్రాళ్లు ఆ కాలంలోనే నేలమట్టమయ్యాయి.

ఉన్న ఇళ్లకి ఇప్పుడు వేరే బెడద. పండుగ రోజుల్లో బారులు తీరే జనం. కుండీలు చూసుకునేవాళ్లలో చాలామంది పెద్దవయసువాళ్లు. గడ ఎత్తే భుజం నొప్పెడుతుంది. నగరపాలక సంస్థ బహుమతులిస్తుంది, పాల్గొన్నందుకు కొంత సొమ్మూ ఇస్తుంది, కానీ ఏడాది పొడుగునా మొక్కల ఖర్చు, నీళ్లు, సున్నం, శ్రమ ఆ సొమ్ముతో తీరవు. మరోపక్క ఇల్లు అమ్ముడైతే కొన్నవాడు దాన్ని టూరిస్టు గదులుగా మారుస్తాడు. అప్పుడు కుండీలు ఉంటాయి, నీళ్లు పోయడానికి జీతానికి ఒక మనిషి వస్తాడు.

దీనికి విరుగుడుగా నాకు ఆసక్తి కలిగించింది పండుగ కాదు, పాక్స్ అనే పేరుతో ఆర్కిటెక్టులు, సామాజిక కార్యకర్తలు కలిసి నడుపుతున్న ప్రయత్నం. పాత ఊరి తూర్పు భాగం అహెర్కియాలో ఖాళీగా పడి ఉన్న వాకిలి ఇళ్లని లెక్క కడతారు. యజమానులతో మాట్లాడతారు. ఇల్లు కావలసిన కొన్ని కుటుంబాల్ని కలిపి సహకార సంఘంగా నమోదు చేయించి, ఒక్కరికి మించిన భారాన్ని పదిమందికి పంచి, ఆ ఇంట్లో కాపురం పెట్టిస్తారు. ఈసారి మాత్రం ప్రతి వాటాకీ సొంత బాత్రూమ్, సొంత వంటిల్లు ఉంటాయి. ఉమ్మడిగా మిగిలేది వాకిలి ఒక్కటే, దాన్ని ఎవరు ఊడవాలి, ఎవరు తడపాలి అనేది సంఘం సమావేశంలో తేల్చుకుంటారు. పని నెమ్మదిగా సాగుతుంది, ఒక్కో ఇంటికి బ్యాంకు రుణం, వారసుల సంతకాలు, మరమ్మతుల అనుమతులు అంటూ ఏళ్లు పడతాయి. అయినా మే నెలలో తలుపు తెరిచే ఇళ్లలో జూన్ నుంచి ఏప్రిల్ దాకా దీపం వెలగాలంటే ప్రస్తుతానికి కనిపిస్తున్న దారుల్లో నాకు గట్టిగా అనిపించేది ఇదే.